కుక్క కనురెప్పలు వాచి దురద పెడుతుంటే: డాక్టర్ రాసిన మందులు ఇంట్లో వేయడం ఎలా

మా కుక్క మల్లి రెప్పలు మొదట ఎర్రబడినప్పుడు ఇంట్లో ఎవరం పట్టించుకోలేదు. పొద్దున్నే సోఫా అంచుకి మొహం ఆనించి అటూ ఇటూ రుద్దుకుంటుంటే మా అత్తయ్య "చూడమ్మాయ్, ఎలా గారాలు పోతోందో" అని నవ్వేది. నాలుగో రోజుకి రెప్పల అంచున వెంట్రుకలు రాలిపోయి పచ్చి చర్మం కనబడింది. పుసులు ఎండి రెప్పకి రెప్ప అంటుకుపోయింది. అప్పుడు ఆటో ఎక్కాం.

డాక్టర్ గారు చూసింది పావుగంట. ఇచ్చినవి చుక్కల మందు, రాత్రికి ఆయింట్‌మెంట్, రెండు పూటలా మాత్రలు, మెడకి ప్లాస్టిక్ కోన్. మొదటిరోజు మా వారు మల్లిని వెనక నుంచి గట్టిగా వాటేసుకున్నారు, నేను పైనుంచి సీసా వంచాను. మొదటి చుక్క చెవి మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోది ఎలాగో కంట్లో పడింది. మర్నాడు సీసా మూత తీసిన చప్పుడు వినగానే మల్లి మంచం కిందకి దూరింది.

రోజుకి మూడుసార్లు, రెండు కళ్లకీ, మూడు వారాలు. లెక్కేస్తే 126 చుక్కలు. ఒక్క చుక్కయితే బలవంతంగా ఎలాగైనా వేసేయొచ్చు. 126 వేయాలంటే మాత్రం కుక్క ఒప్పుకోవాలి. అది ఒప్పుకునేలా చేయడానికి మేం నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

అసలు రెప్పలు ఎందుకు వాస్తాయి

దీన్ని డాక్టర్లు బ్లెఫరైటిస్ అంటారు. మాటకి అర్థం రెప్పల వాపు, అంతే. కారణం ఆ పేరులో లేదు. చర్మం మీద మామూలుగానే ఉండే స్టెఫిలోకోకస్ బ్యాక్టీరియా పెచ్చుమీరినా రెప్పలు వాస్తాయి. అలెర్జీ వల్లా, డెమోడెక్స్ లేదా గజ్జి పురుగుల వల్లా, తామర లాంటి ఫంగస్ వల్లా కూడా వాస్తాయి. రెప్ప అంచున వరసగా ఉండే నూనె గ్రంథులు మూసుకుపోతే కురుపులా లేస్తుంది. పగ్, షిట్జు లాంటి చప్పిడి మొహం కుక్కలకి ముడతల్లో చెమ్మ నిలిచి పుండవుతుంది. కొన్నిటికి పుట్టుకతోనే రెప్ప లోపలికి మడతపడి వెంట్రుకలు కంటిగుడ్డుకి రాసుకుంటాయి. దానికి చుక్కలతో పని జరగదు, ఆపరేషన్ కావాలి.

పక్కింటి వాళ్ల కుక్కకి పనిచేసిన మందు మీ కుక్కకి పనిచేయకపోవడానికి కారణం ఇదే. డాక్టర్ రెప్ప మీద చర్మాన్ని గీకి మైక్రోస్కోప్ కింద చూశారంటే పురుగుల కోసం చూస్తున్నట్టు. కంట్లో నారింజ రంగు కాగితం పట్టీ ముట్టించి లైటు వేసి చూశారంటే నల్లగుడ్డు మీద గాయం ఉందేమో చూస్తున్నట్టు. గాయం ఉంటే ఆ చోటు ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ రెండో పరీక్ష చేయకుండా స్టెరాయిడ్ చుక్కలు రాస్తుంటే "ఫ్లోరెసిన్ టెస్ట్ చేస్తారా సార్" అని మొహమాటపడకుండా అడగండి. నల్లగుడ్డు మీద పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే ఆ పుండు మానకపోగా లోతుకి తొలుచుకుపోతుంది, కన్నే పోవచ్చు. దురదతో పంజాతో గోక్కునే కుక్కకి అలాంటి గాయం కావడం పెద్ద వింతేం కాదు.

ఆసుపత్రి గుమ్మం దాటకముందే చీటీ చదవండి

ఇంటికొచ్చాక ఫోన్ చేసి అడగొచ్చులే అనుకుంటాం. సాయంత్రం ఆరు దాటాక ఎవరూ ఎత్తరు.

చీటీలో ఎస్.ఐ.డి అంటే రోజుకి ఒకసారి, బి.ఐ.డి అంటే రెండుసార్లు, టి.ఐ.డి అంటే మూడు, క్యు.ఐ.డి అంటే నాలుగు. తిరకాసు ఓ.డి దగ్గర వస్తుంది. మాత్ర పక్కన ఉంటే రోజుకి ఒకసారి అని అర్థం. కంటి మందు పక్కన అదే అక్షరాలు కుడి కన్ను అనే అర్థంలో కూడా వాడతారు. ఓ.ఎస్ అంటే ఎడమ, ఓ.యు అంటే రెండూ. ఊహించుకుని వేయకండి. "ఏ కంటికి, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని రోజులు" అని అడిగి, చీటీ వెనక తెలుగులో రాయించుకోండి లేదా మీరే రాసుకోండి.

ఇంకా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆయింట్‌మెంట్ కంటి లోపలికా, రెప్ప పైన చర్మానికా? మాత్ర అన్నం ముందా, తర్వాతా? మళ్లీ ఎప్పుడు చూపించాలి? కుక్కకి షుగర్ ఉన్నా, కడుపుతో ఉన్నా, వేరే మందులేవైనా వాడుతున్నా మీరే చెప్పండి. నొప్పులకి మెలోక్సికామ్ లాంటి మందు నడుస్తుండగా ఇప్పుడు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. కోలీ, షెల్టీ జాతులైతే, లేదా వాటి కలగలుపు అయితే, పురుగుల మందు ఐవర్‌మెక్టిన్ మాట వచ్చినప్పుడు జాతి పేరు గుర్తుచేయండి. వీటిలో చాలా కుక్కలకి ఒక జన్యు లోపం ఉంటుంది. ఆ మందు ఎక్కువ మోతాదులో పడితే మెదడు మీద పనిచేస్తుంది.

తర్వాత మెడికల్ షాపు. మన దగ్గర కుక్కలకి రాసే కంటి చుక్కల్లో చాలావరకు మనుషుల మందుల షాపులోనే దొరుకుతాయి. మాకు రాసింది ఉత్త టోబ్రామైసిన్, అంటే యాంటీబయాటిక్ ఒక్కటే. షాపులో కుర్రాడు ఇచ్చిన పెట్టె రంగు అదే, పేరూ దాదాపు అదే, చివర ఒక అక్షరం తేడా. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చదివితే టోబ్రామైసిన్‌తో పాటు డెక్సామెథాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్. మళ్లీ వెళ్లి మార్చుకొచ్చాను. బ్రాండ్ పేరు చివర 'డి' లాంటి తోక ఉంటే చాలాసార్లు స్టెరాయిడ్ కలిపారని అర్థం. అందుకే పెద్ద అక్షరాల పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లు చీటీతో పోల్చి చూసుకోండి. చెవి చుక్కల సీసా, కంటి చుక్కల సీసా కూడా కవల పిల్లల్లా ఉంటాయి. మీ కుక్కకి రెండూ నడుస్తుంటే చెవి మందుని వేరే గదిలో పెట్టండి. పక్కపక్కన పెట్టి లేబుల్ చూసుకుంటాంలే అనుకుంటే రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో ఏదో ఒకరోజు తప్పుతుంది.

ముందు రోజే ఆట మొదలుపెట్టండి

వీలైతే మందు కొన్న మొదటి గంటలోనే మొదలుపెట్టకండి. ఆ సాయంత్రం అరగంట అలవాటుకి ఇవ్వండి. డాక్టర్ వెంటనే మొదలుపెట్టమంటే వేరే సంగతి.

ఇంట్లో ఒక చోటు ఎంచుకోండి. మేం కిటికీ దగ్గర ఒక పాత చాప పరిచాం. మందు ఎప్పుడు వేసినా అక్కడే. జారే టైల్స్ మీద కుక్క కాళ్లు నిలవవు, కాళ్లు జారితే భయం, భయమేస్తే పెనుగులాట. అందుకే చాప. ఉడికించిన చికెన్ గోరంత ముక్కలు ఓ గిన్నెలో పెట్టుకుని ఇలా చేయండి: సీసా మూత తీయండి, ముక్క పెట్టండి. గడ్డం కింద చెయ్యి పెట్టి తల ఎత్తండి, ముక్క పెట్టండి. బొటనవేలితో పై రెప్ప కొంచెం లేపండి, ముక్క పెట్టండి. ఖాళీ చేతిని సీసా పట్టుకున్నట్టు నుదుటి మీద ఆనించండి, ముక్క పెట్టండి. చుక్క మాత్రం వేయకండి. పది నిమిషాల్లో కుక్కకి లెక్క అర్థమైపోతుంది, ఆ మూత చప్పుడైతే చికెన్ వస్తుందని.

తిండి అలెర్జీ అనుమానంతో డాక్టర్ ప్రత్యేకమైన తిండి పెట్టమని ఉంటే చికెన్ ముక్క, గుడ్డు, బిస్కెట్ ఏవీ వద్దు. ఆ పరీక్ష కనీసం ఎనిమిది వారాలు నడుస్తుంది, మధ్యలో ఒక్క ముక్క పడినా లెక్క తప్పుతుంది. ఆ తిండిలోంచే నాలుగు గింజలు పక్కన పెట్టుకుని బహుమతిగా వాడండి.

కాపడం, శుభ్రం చేయడం

పుసి పేరుకున్న కంటి మీద మందు వేస్తే మందు ఆ పుసిలోనే ఆగిపోతుంది. ముందు కాపడం. మెత్తటి పాత నూలు చీర ముక్క తీసుకోండి, ఉతికింది. గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, మీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడండి. పసిపిల్లల స్నానం నీళ్లంత వెచ్చగా ఉంటే చాలు. మూసిన రెప్ప మీద నొక్కకుండా పరిచి ఐదు నిమిషాలు ఉంచండి, చల్లారితే మళ్లీ ముంచండి. ఈ వెచ్చదనానికి ఎండిన పుసి నానుతుంది, గ్రంథుల్లో గట్టిపడ్డ నూనె కరుగుతుంది. మా మల్లికి రోజు మొత్తంలో ఇదే ఇష్టమైన పనిగా మారింది, కాపడం పెడుతుంటే గురక పెట్టేది.

తర్వాత తుడవడం. దూదితో వద్దు, పోగులు రెప్పల్లో చిక్కుకుని అవే గుచ్చుకుంటాయి. గాజుగుడ్డ మేలు. మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్లతో గానీ తడిపి, ముక్కు పక్క మూల నుంచి బయటి మూల వైపు ఒక్కసారే తుడవండి. రెండోసారికి కొత్త ముక్క, రెండో కంటికి ఇంకో కొత్త ముక్క. ఒక కంటిదే తెచ్చి ఇంకో కంటికి అంటించకూడదు కదా. రాని పెచ్చుని గోటితో గీకకండి, ఇంకో రెండు నిమిషాలు నానబెట్టండి. రెప్పల చుట్టూ వెంట్రుకలు పొడుగ్గా ఉండి పుసి పడుతుంటే వాటిని డాక్టర్ దగ్గరే కత్తిరించమనండి. కదిలే కుక్క కంటి పక్కన కత్తెర మనకెందుకు.

చుక్కలు వేయడం

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసా మీద 'సస్పెన్షన్' అనో 'వాడేముందు బాగా కదపండి' అనో ఉంటే కదపండి. ఫ్రిజ్‌లోంచి తీసిందైతే గుప్పిట్లో రెండు నిమిషాలు పట్టుకోండి. చల్లటి చుక్క కంట్లో పడితే మనమే ఉలిక్కిపడతాం.

2. కుక్కని చాప మీద కూర్చోబెట్టండి. మీరు దాని వెనకో పక్కనో కూర్చోండి, ఎదురుగా వద్దు. ఎదురుగా ఉంటే సీసా వస్తున్నది కనబడుతుంది, వెనక్కి జరుగుతుంది. చిన్న కుక్కయితే మీ వైపు వీపు పెట్టి ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పెద్దదైతే వెనక గోడో మూలో ఉండేలా చూసుకుంటే వెనక్కి పోలేదు.

3. ఎడమ అరచేయి గడ్డం కింద పెట్టి ముక్కు పైకి చూసేలా కొంచెం ఎత్తండి. బొటనవేలితో కింది రెప్పని కిందకి లాగండి.

4. సీసా పట్టుకున్న కుడి చేతి కింది అంచుని కుక్క నుదుటి మీద ఆనించండి. ఇదే కీలకం. తల కదిలితే మీ చెయ్యి కూడా దానితో పాటే కదులుతుంది, సీసా మొన కంట్లో గుచ్చుకోదు. అదే చేతి వేలితో పై రెప్పని వెనక్కి లాగి పట్టుకోవచ్చు.

5. సీసా తల వెనక నుంచి రావాలి. మొన కంటికి ఒక అంగుళం దూరంలో ఉండగా తెల్లగుడ్డు మీద ఒక చుక్క వదలండి. మొన రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు. తగిలితే అక్కడి క్రిములు సీసాలోకి చేరతాయి.

6. రెప్ప వదిలేయండి. రెండు మూడుసార్లు రెప్ప ఆడిస్తే మందు అంతా పరుచుకుంటుంది. వెంటనే చికెన్ ముక్క.

ఒక చుక్క చాలు. కుక్క కంట్లో అంతకి మించి నిలవదు, రెండోది చెంప మీదకి కారిపోతుంది. కంట్లో పడిందో లేదో నిజంగా తెలియకపోతే మాత్రం ఇంకోటి వేయండి, పరవాలేదు.

లోపలి మూల నుంచి గులాబీ రంగు పొర ఒకటి జారి కంటిని సగం కప్పేస్తే భయపడకండి. కుక్కలకి మూడో రెప్ప ఉంటుంది, దాని మీద పడ్డ మందు కూడా లోపలికే పోతుంది. చుక్క వేసిన నిమిషానికి పెదాలు నాకుతూ నురగ కక్కితే అదీ మామూలే. కన్నీటి గొట్టం ముక్కులోకి తెరుచుకుంటుంది కాబట్టి మందు చేదు నోటికి తెలుస్తుంది. నేను మొదటిసారి చూసి విషం ఎక్కిందేమోనని డాక్టర్‌కి ఫోన్ చేశాను.

రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. వెంటవెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఎప్పుడూ ఆఖరున. ముందే జిడ్డు పూస్తే ఆ మీద చుక్క పనిచేయదు.

ఆయింట్‌మెంట్

పట్టుకునే పద్ధతి అదే. కింది రెప్పని కిందకి లాగితే చిన్న సంచిలా తెరుచుకుంటుంది. ట్యూబు మొన తగలకుండా లోపలి మూల నుంచి బయటి మూల వైపు సన్నటి తీగలా అర సెంటీమీటరు పిండండి. తీగ తెగకుండా ట్యూబుకే వేలాడుతుంటే ట్యూబుని కొద్దిగా తిప్పండి, తెగిపోతుంది. రెప్ప మూసి పైనుంచి సుతారంగా ఒక్కసారి నిమరండి. ట్యూబు చూస్తేనే హడలిపోయే కుక్కయితే, శుభ్రంగా కడిగిన వేలి కొన మీద ఆ తీగ తీసుకుని రెప్ప లోపల రాయొచ్చు. గోళ్లు పొట్టిగా ఉండాలి సుమా.

కాసేపు చూపు మసకగా ఉంటుంది, అందుకే పంజాతో తుడుచుకోవాలని చూస్తుంది. ఆ రెండు నిమిషాలు పక్కనే కూర్చుని వీపు నిమురుతూ ఉండండి. మేం దీన్ని భోజనానికి సరిగ్గా ముందు పెట్టుకున్నాం. గిన్నె కనబడగానే కన్ను సంగతి మర్చిపోయేది.

రెప్ప పైన చర్మానికి రాయమన్న క్రీము వేరే ఉంటే ఇయర్ బడ్‌తో పల్చగా, అంచుకి కాస్త దూరంగా రాయండి. చర్మం క్రీముల్లో కంటికి మంట పుట్టించేవి ఉంటాయి. కంట్లో వేసే ట్యూబు మీద కంటికి అని తప్పకుండా రాసి ఉంటుంది, అది లేని ట్యూబుని లోపల పెట్టొద్దు.

ఎంతకీ ఒప్పుకోకపోతే

దుప్పటి చుట్టే పద్ధతి చిన్న కుక్కలకి బాగా పనిచేస్తుంది. కాళ్లు నాలుగూ లోపల ఉండేలా తువ్వాలు చుట్టి, మొహం ఒక్కటే బయటికి. ఇంకో మనిషి ఉంటే వాళ్ల పని పట్టుకోవడం కంటే మురిపించడమే: ముక్కు ముందు చెంచాతో గుడ్డు పచ్చసొన నాకిస్తుంటే మీరు వెనక నుంచి చుక్క వేసేయొచ్చు.

పగ్, షిట్జు, పెకినీస్ లాంటి పెద్ద కళ్ల కుక్కల్ని మెడ పట్టుకుని వంచకండి, మెడ చర్మం వెనక్కి గుంజకండి. వాటి కంటి గుంత లోతు తక్కువ. గట్టిగా గుంజితే కనుగుడ్డు రెప్పలు దాటి బయటికి పొడుచుకురావచ్చు. ఇది మాట వరసకి చెప్పే బెదిరింపు అనుకోకండి, నిజంగా జరుగుతుంది. వీటిని ఛాతీ దగ్గరే పట్టుకోవాలి.

గుర్రుమంటే ఆపేయండి. గుర్రుమన్నందుకు తిట్టారనుకోండి, అది గుర్రుమనడం మానేసి ఈసారి నేరుగా కరుస్తుంది. ఇన్నాళ్లూ మందు వేయించుకున్న కుక్క ఒక్కసారిగా తిరగబడిందంటే నొప్పి పెరిగిందేమో చూపించాలి. రోజుకి నాలుగుసార్లు వేయడం మీ వల్ల కాకపోతే ఆ మాట డాక్టర్‌కి చెప్పండి, సిగ్గుపడాల్సిందేం లేదు. చుక్కల బదులు ఆయింట్‌మెంటో, మాత్రలో చూడటానికి వీలుండొచ్చు. వేయని మందుకి వేశామని చెబితే, మందు పనిచేయట్లేదనుకుని ఇంకా ఘాటైనది రాస్తారు.

మాత్రలు

తిండిలో పెట్టడం మొదటి దారి. మాకు ఇడ్లీ పనిచేసింది. ఒకే సైజులో మూడు ముక్కలు చేసి, మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర, మూడోది ఉత్తది. మూడోది చేతిలో కనబడుతుంటే రెండోదాన్ని నమలకుండా మింగేసేది. ఉల్లిపాయ పడిన కూరలో, సాంబారులో కలపొద్దు, ఉల్లి కుక్కల రక్తానికి చేటు. పల్లీ వెన్న వాడితే డబ్బా మీద జైలిటాల్ లేదని చూసుకోండి, చక్కెర బదులు వాడే ఆ పదార్థం కుక్కలకి విషం.

పెరుగన్నంలో కలిపేద్దామని అందరికీ తోస్తుంది. యాంటీబయాటిక్ మాత్రల్లో సెఫలెక్సిన్‌కి పరవాలేదు, అన్నంతో ఇస్తే వాంతి కూడా తగ్గుతుంది. డాక్సీసైక్లిన్ అయితే పాలు, పెరుగు, జున్నుతో వద్దు. వాటిలో ఉండే కాల్షియం మందుని పట్టేసి ఒంటికి అందనివ్వదు. డాక్సీ మాత్ర ఉత్తగా మింగిస్తే గొంతుకి అతుక్కుని పుండు చేస్తుంది కూడా, కాబట్టి తిండితో ఇచ్చి వెనకే నీళ్లు తాగించండి.

చేత్తో మింగించాల్సి వస్తే: ఎడమ చేత్తో పై దవడని కోరపళ్ల వెనక పట్టుకుని ముక్కు పైకెత్తండి. కుడి చేతి చూపుడువేలు, బొటనవేలి మధ్య మాత్ర, మధ్యవేలితో కింది ముందు పళ్లని కిందకి నొక్కితే నోరు తెరుస్తుంది. మాత్రని నాలుక మీద వీలైనంత వెనక, మధ్యలో వదలండి. నోరు మూసి, ముక్కు కొంచెం కిందకి దించి గొంతు నిమరండి. ముక్కు నాకిందంటే మింగినట్టు. సూది లేని సిరంజితో చెంప పక్క నుంచి ఐదు మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా పోయండి. తర్వాత రెండు నిమిషాలు కనిపెట్టి ఉండండి. మా మల్లి చెంపలో దాచుకుని సోఫా వెనక ఉమ్మేసేది, ఊడుస్తుంటే మూడు దొరికాయి.

ప్రెడ్నిసోలోన్ మొదలుపెడితే నీళ్లు బాగా తాగుతుంది, ఉచ్చ ఎక్కువ పోస్తుంది, ఎంత పెట్టినా ఆకలే. రాత్రి ఒకసారి ఎక్కువ బయటికి తీసుకెళ్లాల్సి రావచ్చు. ఈ మాత్రని కన్ను బాగుంది కదా అని మీరే హఠాత్తుగా ఆపకండి, డాక్టర్ చెప్పిన లెక్కలో తగ్గించుకుంటూ రావాలి.

ఒక పూట మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి. తర్వాతి పూటకి దగ్గర పడితే వదిలేయండి. రెండు కలిపి ఒకేసారి ఇవ్వొద్దు. మాత్ర మింగాక వాంతి చేసుకుంటే ఇంకోటి ఇవ్వాలా అన్నది డాక్టర్‌ని అడిగే చెయ్యాలి.

కోన్ తీసేయాలనిపిస్తుంది, తీయకండి

మల్లి కోన్‌తో తలుపులకి గుద్దుకుంటూ తిరుగుతుంటే మా అత్తయ్యకి జాలేసి రెండో రోజు మధ్యాహ్నం తీసేసింది. అరగంటలో ఎడమ రెప్ప గీరుకుని రక్తం వచ్చింది. రెండు రోజుల మందు పనితనం అరగంటలో పోయినట్టే. మెత్తటి దిండులాంటి గుండ్రటి కాలర్లు చూడ్డానికి హాయిగా ఉంటాయి గానీ వాటితో పంజా కంటికి అందుతుంది. కోన్ అంచు ముక్కు కొన దాటి నాలుగు వేళ్లు బయటికి ఉండాలి, మెడ దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులుండాలి. తినేటప్పుడు ఎదురుగా కూర్చుని తీయండి, తిన్నాక పెట్టేయండి. నీళ్ల గిన్నెని పీట మీద పెడితే కోన్‌తోనే తాగగలదు. గోళ్ల మొనలు కూడా కత్తిరించి పెట్టండి.

నందివర్ధనం పూలు, ఆముదం, చనుబాలు

రెప్పల వాపు అనగానే ప్రతి ఇంట్లో ఒక వైద్యం ఉంటుంది. మనుషులు కళ్ల మంటకి నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకోవడం నాకూ తెలుసు. కుక్క విషయంలో ఏదీ వద్దంటాను. ఆముదం, పసుపు, తేనె, టీ డికాక్షన్, బోరిక్ నీళ్లు ఏది వేసినా, కింద నల్లగుడ్డు మీద గాయం ఉందో లేదో మనకి తెలియదు. పైగా డాక్టర్ చూసేసరికి అసలు కన్ను ఎలా ఉందో ఆ రంగుల కింద కనబడదు. నొప్పిగా ఉంది పాపం అని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముక్క వేయడం మరీ ప్రమాదం, కుక్కల కడుపు, కిడ్నీలు తట్టుకోలేవు.

ఎప్పుడు పరుగెత్తాలి

రెండు రోజులకొకసారి ఒకే చోట, పగటి వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. మూడు నాలుగు రోజుల్లో దురద, పుసి తగ్గడం కనబడాలి. రాలిన వెంట్రుకలు మొలవడానికి మాత్రం వారాలు పడుతుంది, దానికి కంగారొద్దు. డెమోడెక్స్ అయితే నెలల పని, చర్మం గీకి చూసే పరీక్షలో పురుగు కనబడకుండా పోయేదాకా మందు నడవాలి.

ఇవి కనబడితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి: కన్ను తెరవలేక గట్టిగా మూసేసుకోవడం, నల్లగుడ్డు మీద పొగమంచులా నీలంగానో తెల్లగానో మసక, మన పెద్దవాళ్లు పువ్వు పడింది అనేది. కనుగుడ్డు ముందుకి ఉబకడం. చుక్క వేసిన ప్రతిసారీ ఎరుపు ఇంకా పెరగడం, ఆ మందే పడట్లేదేమో. మొహమంతా ఒక్కసారిగా ఉబ్బి ఊపిరి కష్టమైతే ఏ అర్ధరాత్రయినా బయల్దేరాల్సిందే. రెండు మూడు నెలల పిల్లకి రెప్పలు, మూతి కలిసి వాచి గొంతు కింద గడ్డలు తగిలితే అది వేరే జబ్బు, దాన్నీ వెంటనే చూపించాలి. ఊళ్లో కంటి పరీక్షకి సౌకర్యం లేకపోతే రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రులు ఉన్నాయి. వెళ్లేముందు ఓ.పీ వేళలు కనుక్కోండి.

గజ్జి పురుగు, తామర మనుషులకీ అంటుతాయి. డాక్టర్ ఆ మాట చెప్పి ఉంటే తొడుగులు వేసుకుని మందు వేయండి, పిల్లల్ని పక్కన పడుకోనివ్వకండి. డెమోడెక్స్ మనకి అంటదు.

మిగిలిన సీసా

కన్ను బాగైందనిపించినా చెప్పిన రోజులు పూర్తిచేయండి. పన్నెండో రోజున మల్లి కళ్లు చూస్తే జబ్బు వచ్చిందంటే ఎవరూ నమ్మరు, అయినా 21 రోజులూ వేశాం. తెరిచిన తేదీని సీసా మీద స్కెచ్ పెన్నుతో రాయండి. చాలా కంటి చుక్కల్ని తెరిచిన నెలలోపే వాడాలి. మే నెలలో విజయవాడ ఎండకి వంటింటి అలమర కూడా పొయ్యి మీద పెనంలా ఉంటుంది, లేబుల్ మీద 25 డిగ్రీల లోపు అని ఉంటే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, లేదా ఇంట్లో చల్లగా ఉండే గదిలో. మిగిలింది దాచుకోకండి. ఆరు నెలల తర్వాత కన్ను మళ్లీ ఎర్రబడితే ఆ సీసా మీదకే చెయ్యి పోతుంది, ఈసారి లోపల పుండు ఉందో లేదో ఎవరు చూశారు?

మందులైపోయి రెండు నెలలు దాటింది. చాప మాత్రం కిటికీ దగ్గరే ఉంది. అత్తయ్య కొబ్బరినూనె సీసా మూత తీసినా చాలు, మల్లి పరుగున వచ్చి దాని మీద కూర్చుని, మొహం పైకెత్తి చికెన్ కోసం ఎదురుచూస్తుంది.